మౌస్ పట్టుకున్న చెయ్యి

అమలాపురంలో డీటీపీ సెంటర్లో చేరేనాటికి నేను కంప్యూటర్ని ముట్టుకుని ఎరగను. చీరల మీద కుంచెతో పువ్వులు వేసేదాన్ని. పెళ్లయిన ఏడాదికి మా ఆయన మస్కట్‌లో కరెంటు పనికి వెళ్లారు. నేను కొత్తపేటలో అమ్మ దగ్గర ఉండి ఇరుగుపొరుగువాళ్ల చీరలకు అంచులు దిద్దుతుండేదాన్ని. ఒకరోజు సన్నటి తీగ గీస్తుంటే మలుపు దగ్గర చెయ్యి వణికింది. నిద్ర చాలక అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత వచ్చిన చీరలన్నిటికీ తీగలు మానేసి పెద్ద పెద్ద పువ్వులు వేసి, ఇప్పుడు ఇవే నడుస్తున్నాయని చెప్పాను.

అమ్మ చేతులు ఎప్పటినుంచో వణికేవి. కాఫీ గ్లాసు సగమే నింపుకునేది. పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చోమంటే ఏదో పని కల్పించుకుని తప్పుకునేది. అడిగితే నీరసం అనేది. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. ఆయనకీ ముందు చెయ్యే వణికింది. తర్వాత అడుగు చిన్నదైంది, ఆపైన మంచం పట్టారు, చివరికి మాట కూడా పోయింది. పలకరించడానికి వెళ్లి ఆయన్ని చూసి వచ్చినప్పటినుంచి నా మనసులో ఒకటే మాట. ఆ దారిలో అమ్మ సగం నడిచింది, నేను ఇప్పుడే బయల్దేరాను.

ఎవరితోనూ అనలేదు. మస్కట్ నుంచి ఫోనొస్తే అంతా బాగుందనేదాన్ని. కుంచె పట్టక్కర్లేని పని ఏదైనా ఉంటే బాగుండునని వెతుక్కుంటున్నప్పుడు, పెళ్లికార్డుల డిజైన్లు వేయడానికి మనిషి కావాలంటున్నారని తెలిసి అమలాపురం వెళ్లాను. సెంటర్ ఓనరుగారు పెద్దాయన, మెత్తటి మనిషి. నేను తీసుకెళ్లిన చీరల ఫొటోలు చూసి చెయ్యి చాలా బాగుందని మెచ్చుకున్నారు. కంప్యూటర్ తను నేర్పుతానన్నారు. ఆ చెయ్యి ఇప్పుడు అలా లేదని చెప్పలేక ఫొటోలు సంచీలో పెట్టేసుకున్నాను.

మొదటిరోజు మౌస్‌తో ఊరికే ఒక గీత గీయమన్నారు. గీశాను. తెర మీద రంపం పళ్లలాంటి గీత వచ్చింది. కాగితం మీదైతే నా వణుకు నాకే తెలిసేది. ఇక్కడ ప్రతి అదురుకీ ఒక చుక్క పెట్టి మరీ చూపించింది. ఆ చుక్కలు గీత పొడుగునా చీమల బారులా పట్టేశాయి. ఆయన ఇటు తిరిగేలోగా చెరిపేశాను.

మరో పద్ధతి కూడా ఆయనే చూపించారు. గీతను మనం లాగక్కర్లేదు. మొదట ఒక పాయింటు, మలుపు దగ్గర ఇంకో పాయింటు పెట్టాలి. పాయింటుకి రెండు పక్కలా కొమ్ముల్లాంటివి వస్తాయి. వాటిని పట్టుకుని సాగదీస్తే గీత తనంతట తను వంగుతుంది. నా చెయ్యి ఎంత వణికినా ఆ వంపు నున్నగా వచ్చింది. చూసి ఏడుపొచ్చినంత పనైంది. ఆరు పలకల గడో ఎనిమిది పలకల గడో కావాలంటే ఎన్ని పలకలో చెబితే చాలు, యంత్రమే గీసిపెట్టేది.

అయినా భయం పోలేదు. పాయింటు సరిగ్గా కావలసిన చోట పడాలి కదా. అందుకని ఒక్క ఆకు తెరంతా నిండేలా పెద్దది చేసుకునేదాన్ని. కుడి మణికట్టు కింద ఎడమ చెయ్యి ఆనించుకునేదాన్ని. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కష్టమైన బొమ్మలు ముగించేసేదాన్ని. వెనకాల ఎవరైనా నిలబడితే మాత్రం నా వల్ల అయ్యేది కాదు.

అలాంటి వేళ అంబాజీపేట నుంచి ఒక కొబ్బరి వ్యాపారి వచ్చారు. లారీలకెత్తే బస్తాల మీద అచ్చు వేయడానికి గుర్తు కావాలి. ఆరు పలకల గడి, అందులో ఒక పక్కకి వాలిన కొబ్బరిచెట్టు. తన కళ్లముందే వేయాలని నా కుర్చీ వెనకాలే నిలబడ్డారు. గడి క్షణంలో వచ్చింది. చెట్టు మొదలు వంపు దగ్గర పాయింటు పెట్టబోతే ఎక్కడో పడింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. తెర మీద బాణం గుర్తు దోమలా ఎగురుతోంది.

"ఏమ్మా, ఆ చెయ్యి అలా వణికిపోతుందేంటండి? ఒంట్లో బాలేదా?" అన్నారాయన.

ఆయన జాలిగానే అన్నారు. ఎండాకాలంలో, ఫ్యాను కింద కూర్చుని, చలేస్తోందని చెప్పాను. ఓనరుగారు ఆయన్ని టీకి తీసుకెళ్లి, తర్వాత రమ్మని పంపేసి వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"చేరిన రోజే చూసేనమ్మా. నువ్వు చెబుతావని ఊరుకున్నాను. డాక్టరుకి చూపించుకున్నావా?"

"లేదండి."

"ఏం?"

"ఉందని చెబుతారేమోనని భయమండి."

 రాజమండ్రిలో నరాల డాక్టరు ఉన్నారని, వెళ్లి రమ్మని, బొమ్మ ఎక్కడికీ పోదని చెప్పారు.

అమ్మకి తోడు రమ్మని మాత్రమే చెప్పాను. రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డంగా ఉండి బస్సు చాలాసేపు ఆగిపోయింది. అంతసేపూ నేను ముందు సీట్ల కమ్మీలు పట్టుకున్నవాళ్ల చేతులనే చూస్తూ కూర్చున్నాను. అందరివీ నిలకడగా ఉన్నాయి.

డాక్టరుగారు చేతులు ఒళ్లో పెట్టుకోమన్నారు. తర్వాత చాపమన్నారు. తెల్లకాగితం ఇచ్చి నత్తగుల్లలా చుట్లు చుట్టమన్నారు. తెర మీద చూసిన రంపం పళ్లే కాగితం మీదా వచ్చాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నారు. అమ్మ చేతులు పమిట కిందకి పోయాయి. ఆయన అది గమనించి పెన్ను అమ్మకిచ్చారు.

"నేను చదువుకోలేదండి," అంది అమ్మ.

చదువక్కర్లేదని, చుట్టు చుడితే చాలని ఆయన నచ్చజెప్పారు. అమ్మ చుట్టింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరిదీ ఒకటే అన్నారు.  మా వీధి మాస్టారి సంగతి గబగబా చెప్పేశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ జబ్బులో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుందట, మాకు ఏదైనా పట్టుకున్నప్పుడు వణుకుతోందట. కొన్ని కుటుంబాల్లో ఇలా వస్తుందని, ప్రాణానికి భయం లేదని, కానీ పూర్తిగా పోదని, వయసుతో కొంత పెరగొచ్చని చెప్పారు.

అప్పుడు అమ్మ అడిగింది.

"అయితే నేను మంచాన పడను కదాండి?"

"దీనివల్ల పడరండి."

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దగ్గర పడుతుండగా, "నువ్వు పుట్టకముందు నించీ ఇదే భయం నాకు. నీకెలా చెప్పను?" అంది. నీరసం అన్న మాట నేను నమ్మినన్నేళ్లూ అమ్మ ఆ భయంతోనే బతికిందన్నమాట. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరి చేతులూ కలిసి వణికాయి. బస్సు కుదుపు వల్లో మరి దేనివల్లో తెలియలేదు.

డాక్టరుగారు రాసిచ్చిన మాత్రలకి మొదట్లో మత్తుగా ఉండేది. ఆయన్ని అడిగి సగానికి తగ్గించుకున్నాక మత్తు పోయి, చేతికి కాస్త నిలకడ వచ్చింది. అంతవరకూ ఆగకుండా, రాజమండ్రి నుంచి వచ్చిన మర్నాడే సెంటర్‌కి వెళ్లి కొబ్బరిచెట్టు ముందు కూర్చున్నాను. ఆ వ్యాపారి వచ్చినప్పుడు ఇది మా కుటుంబంలో ఉన్న వణుకని ముందే చెప్పేశాను. "ఆయ్, అదా అండి," అని పక్కకెళ్లి, నేను చెట్టు పూర్తి చేసేదాకా పేపరు చదువుకున్నారు. ఆ రాత్రి ఫోనులో మా ఆయనకి కూడా చెప్పాను. ఆయన కంగారుపడి ప్రతివారం ఫోను చేయడం మొదలుపెట్టారు.

ఆ సెంటర్లో చాలా ఏళ్లు పనిచేశాను. చేతినిండా పని దొరికింది. మా ఆయన తిరిగొచ్చాక మాకు పాప పుట్టింది. నర్సరీలో వేశాక సాయంత్రాలు నా పక్కనే కూర్చుని పలక మీద 'అ' దిద్దేది. వంకర తిరిగే చోట బలపం కాస్త ఆగేది. పిల్లలందరికీ అలాగే ఆగుతుందని నాకు తెలుసు. అయినా మళ్లీ రాయమనేదాన్ని. బాగా రాయలేదేమో అనుకుని అది ఇంకా శ్రద్ధగా దిద్దేది. నేను అక్షరం చూసేదాన్ని కాదు, దాని వేళ్లు చూసేదాన్ని.