తిరగేసిన ఆరు అట్టలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే ఆమె. గద్వాలలో మేమున్న వీధికంతా ఆమే పాలు పోసేది. ఆ పొద్దు చెంబు అరుగు మీదే పెట్టి, లోపలికి రాకుండా అంది:

"అక్కా, నీ దుంకుడాట వనపర్తిల బడుల ప్రదర్శనకు పోతున్నదంట. నా బిడ్డ పోతలేదంట."

"ఎవరన్నరు?"

"బడి పెద్దసారే. కాళ్లు గట్ల పగిలినయి, గౌను గిట్లున్నది, పెద్దపెద్దోళ్లు వస్తరు అన్నడు. బూట్లున్న పిల్లలను తీస్కపోతడంట."

నాకు ఒళ్లు మండింది. కోపంతో దేవుడి ముందు నిలబడకూడదని మా నాన్న నేర్పాడు. ఆ రోజు దీపం వెలిగిస్తుంటే అగ్గిపుల్లలు మూడు విరిగాయి.

2009లో అలంపూర్‌ను తుంగభద్ర ముంచడానికి రెండు మూడేళ్ల ముందటి మాట ఇది. నేను బడి మొహం చూసినదాన్ని కాను. నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆ తర్వాత తమ్ముడు వదిలేసిన పాత కంప్యూటరు, దాని పుస్తకాలు గురువులయ్యాయి. నాన్నకూ, ఆ కంప్యూటరుకూ ఇప్పటికీ మనసులో మొక్కుకుంటాను.

పాలామె బిడ్డ సాయంత్రాలు నా దగ్గరే ఉండేది. ఎనిమిదేళ్లు. పలక ముందు కూర్చోబెడితే రెండు నిమిషాల్లో లేచిపోయేది. మూడో తరగతికొచ్చినా అక్షరాలు రావని బడిలో అందరి వెనక కూర్చోబెట్టేవారు. తొక్కుడుబిళ్లలో మాత్రం ఆమెను గెలిచినవాళ్లు వీధిలో లేరు. కూర్చుంటే రాని చదువు గెంతితే వస్తుందేమో అనిపించింది నాకు.

వీధి చివర రేడియోలు బాగుచేసే చాచాకు ఈ మాట చెబితే ఆయన నవ్వలేదు. పాడైన కీబోర్డు ఒకటి విప్పి చూపించాడు.

"చూడు బేటీ, గీ రెండు తీగెలు తాకితే మీట నొక్కినట్టే. వేలుతోనే నొక్కాల్నని యాడ రాసున్నది? కాలుతోని గూడ నొక్కొచ్చు."

రెండు అట్టల లోపలి వైపు తళతళలాడే తగరం కాగితం అతికించి, మధ్యలో చిల్లులు పెట్టిన స్పాంజి పెట్టాము. కాలు పడితే కాగితాలు తాకుతాయి, తీస్తే విడిపోతాయి. అలాంటివి ఆరు చేసి కీబోర్డుకు కలిపాము. తెర మీద బొమ్మ పడుతుంది. దాని మొదటి అక్షరమున్న అట్ట మీదికి గెంతాలి. ఒప్పయితే గంట మోగుతుంది.

మొదటిరోజు పిల్ల అట్టల ముందుకొచ్చి ఆగిపోయింది. వంగి 'ఆ'ను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

"దుంకు బిడ్డా."

"అచ్చరాలను తొక్కుతరా పెద్దమ్మా? పాపం గాదూ?"

నాకు తల తీసేసినట్టయింది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునేదాన్ని, ఆట పిచ్చిలో సరస్వతిని నేల మీద పరిచాను. చాచా కూడా చెవి పట్టుకున్నాడు. "రాసిన కాయితం కింద పడితే మా ఇంట్ల గోడ సందుల పెడ్తం. పోరి మనకంటె పెద్దది."

అంతా తిరగేశాము. అక్షరం తెర మీదికి, బొమ్మ కాళ్ల కిందికి. ఆవు బొమ్మకూ ఆ పిల్ల ఒప్పుకోలేదు. మామిడిపండు గీస్తే "తినేదాన్ని తొక్కుతమా?" అని నిలదీసింది. చివరికి ఆకు, ఇటుక, చెప్పు, రాయి, తట్ట, గోనెసంచి మిగిలాయి. ఆ ఆరింటితో మొదలుపెట్టి కొత్త బొమ్మలు అతికిస్తూ పోయాము. వానాకాలం దాటేసరికి ఆమె గోడల మీది రాతలు కూడబలుక్కుని చదవసాగింది. పెద్దసారు చూసి ముచ్చటపడి అడిగితే, మొదటి ఆరు బొమ్మలతో ఆట బడికిచ్చాము. ఇచ్చినందుకు సంతోషించాను కూడా.

ప్రదర్శన రోజు ఎవరూ పిలవకపోయినా పాలామె, బిడ్డ, నేను వనపర్తి బస్సెక్కాము. అక్కడ చూద్దును కదా, మా బొమ్మలన్నిటి మీదా తెల్లరంగు పూసి, ఎర్రగా అక్షరాలు రాయించారు!

"ఇదేంది సార్?"

"చూసేటోళ్లకు చదువు కనపడాలె గదమ్మా. చెప్పు బొమ్మ పెడితే నవ్వరా?" అన్నాడు పెద్దసారు. "ఇంతకు మీరెంత దాక చదివిన్రు?"

"ఇంట్లనే చదివిన."

"అదే మరి."

ముఖ్య అతిథి వచ్చాడు. బూట్ల పిల్లలిద్దరూ బూట్లు విప్పారు. అట్టలను చూశారు, సారును చూశారు. వంగి, అక్షరాలను తాకి కళ్లకద్దుకుని నిలబడిపోయారు.

"తొక్కున్రి రా!" సారు గుడ్లురిమాడు. ఒకడు బొటనవేలు పెట్టి తీసేశాడు. కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు మా పిల్ల అడ్డంగా కట్టిన తాడు కింది నుంచి దూరింది. తీగెలు తెగకుండా ఆరు అట్టలనూ ఉన్నచోటనే బోర్లించింది.

"ఏయ్, ముట్టకు!"

"ముట్టనీ సారూ, అది దాని ఆటనే," అంది పాలామె.

బోర్లించిన అట్టల మీద ఏమీ లేదు. తెర మీద 'చె' పడింది. పిల్ల గెంతింది, గంట మోగింది. 'రా' పడింది, మళ్లీ మోగింది. తెర మీది అక్షరం ఆమె చదువుకుంటోంది. ఏ బొమ్మ ఎక్కడుండేదో ఆమె పగిలిన కాళ్లకు తెలుసు. ఒక్కటి తప్పలేదు.

"ఏ బడి బిడ్డా నీది?" అన్నాడు అతిథి.

"మా బడేనండి!" అన్నాడు సారు, ఆమె నోరు తెరవకముందే.

ఫోటో తీసేటప్పుడు బూట్ల పిల్లలను ముందుకు పిలిచి, ఈమెను "నువ్వు జర పక్కకు జరుగు" అన్నారు. పాలామె ఊరుకోలేదు. "మా బర్రెలు నయం సారూ. గడ్డి ఎవరేసిన్రో యాదుంచుకుంటయి."

తర్వాత ఆట నాగర్‌కర్నూల్ ప్రదర్శనకు పోయింది, మాతో మాట కూడా చెప్పకుండా. అక్కడ మళ్లీ మేము చేసినట్టే అక్షరాలు తెర మీదే, బొమ్మలు నేల మీదే ఉన్నాయట. ఉపాధ్యాయుల కొత్త ఆలోచన అని పత్రికలో వచ్చింది. పెద్దసారుకు రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు లేదు. చాచా నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ పెద్దమనసు రాలేదు, దేవుడు క్షమించాలి. నా పేరు లేదని కాదు నా బాధ. మా తప్పును ఎనిమిదేళ్ల పిల్ల వంగి కళ్లకద్దుకుని సరిదిద్దితే, ఆమెను ఫోటోలోంచి పక్కకు జరిపారు.

మీ ఊరి బడిలో పిల్లలెక్కడైనా బొమ్మల మీద గెంతుతూ తెర మీది అక్షరం చదువుతుంటే, ఒక్కసారి ఆగి ఆ పాలామె బిడ్డను తలచుకోండి. అక్షరాన్ని తొక్కనన్నది ఆమే.