పదమూడో కాజా

వీధిలో అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. అసలు పేరు కాగితాల్లో ఉండేది, అక్కడే ఉండిపోయింది. దర్జీలు చొక్కా అంతా కుట్టేసి, గుండీ దూరే చిల్లు, అదే కాజా, మాత్రం ఆమెకు వదిలేసేవారు. ఆ చిల్లు కోసి, దాని చుట్టూ ముడి పక్కన ముడి వేస్తూ దారంతో అంచు కట్టాలి. మెడ దగ్గరిది అడ్డంగా, తక్కినవి నిలువుగా. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె చేసింది ఇదొక్కటే. ఎవరు ఎదురుపడినా ముందు కాజాలు చూస్తుంది, మొహం తర్వాత. ఒకసారి బజారులో సొంత మరిదిని పోల్చుకోలేక, ఆయన చొక్కాను పోల్చుకుని పలకరించిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆర్నెల్ల కిందట వీధి మలుపులో కాజాల మిషన్ దిగింది. చొక్కా మొత్తానికి రెండే నిమిషాలు. దర్జీలు మొహమాటానికి కొన్నాళ్ళు మూటలు పంపారు, ఆ తర్వాత మొహం చాటేశారు. మందుల షాపులో పనిచేసే కూతురు అప్పుడే ఓ కబురు మోసుకొచ్చింది. ఊరి చివర జరుగుతున్న పెద్ద హస్తకళల ప్రదర్శనలో ఓ కుట్టుపని స్కూలు వాళ్ళు బల్ల వేసుకుని కూర్చున్నారట. చేత్తో కుట్టిన నమూనా చూపిస్తే అక్కడికక్కడే చూసి, నచ్చినవాళ్ళని నేర్పడానికి తీసుకుంటారట. మర్నాడే ఆఖరు, సాయంత్రం ఐదింటికి బల్ల ఎత్తేస్తారు. కాజాలక్క ఆ పూటంతా కూర్చుని తెల్లగుడ్డ పట్టీ మీద పన్నెండు కాజాలు కుట్టింది. ఈ పని దొరక్కపోతే ఇక నాలుగిళ్ళలో గిన్నెలు తోముకోవడమే, దానికేమో మోకాళ్ళు ఒప్పుకోవు.

వెంట తోడికోడలు బయల్దేరింది. మంచి మనిషే, కాకపోతే టికెట్టు కొన్నాక ఒక్క కొట్టు వదిలినా తన సొత్తు ఎవరో ఎత్తుకుపోయినట్టు బాధపడే రకం. గేటు దగ్గర ఇచ్చిన మ్యాపు ఆవిడే తీసుకుంది. తీసుకుని నాలుగు మడతలు పెట్టి విసురుకోవడం మొదలుపెట్టింది.

"ఐదింటిదాకా ఉంటారన్నారుగా అక్కా, తొందరేముంది? ఇంతదూరం వచ్చి చూడకుండా పోతామా?" అంది.

కాజాలక్క కాదనలేకపోయింది. మూట తెచ్చినవాణ్ణి ఏనాడూ కాదని ఎరగదు, ఇక తోడికోడల్ని ఏం కాదంటుంది? నాలుగు పెద్ద షెడ్లు, ఒక్కోదాంట్లో వందకు పైగా కొట్లు. కుండలు చూశారు, కొయ్యబొమ్మలు చూశారు, తోలు సంచులు చూశారు. తోడికోడలు ప్రతి వస్తువూ చేతిలోకి తీసుకుంటుంది, తిప్పి చూస్తుంది, ధర అడుగుతుంది, అడిగినంత శ్రద్ధగానూ తిరిగి పెట్టేస్తుంది. ఒక చోట దండ గుచ్చడం నేర్చుకుంది, మరో చోట కాగితప్పువ్వు చేసింది. ఎవరో జిగురు పరీక్షించమంటే అదీ పరీక్షించింది. రెండో షెడ్డు దాటేసరికి కాజాలక్కకు కాళ్ళు పీకడం మొదలైంది. మూడో షెడ్డులో అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది. కూర్చుందామంటే ఎక్కడా బెంచీ లేదు. అంత ప్రదర్శన పెట్టినవాళ్ళకి మనిషికి కాళ్ళుంటాయని గుర్తు రాలేదు కాబోలు.

స్కూలు వాళ్ళ బల్ల నాలుగో షెడ్డులో అట్టచివర దొరికింది. అప్పటికి నాలుగున్నర. బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒక టీచరమ్మ నమూనాలు సర్దుకుంటోంది. కాజాలక్క పట్టీ తీసి ముందు పరిచింది. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది, వెనక్కి తిప్పి చూసింది.

"ఇది మిషన్ మీద కుట్టింది కదండీ," అంది.

కాజాలక్క నవ్వింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె విన్న గొప్ప మెప్పు అదే. పని బాగా కుదిరిన రోజు దర్జీలు చొక్కా ఎత్తి పట్టుకుని, అచ్చం మిషన్ మీద కుట్టినట్టుందక్కా అనేవారు. ఆ మాట కోసమే ఆమె ముడి పక్కన ముడి వెంట్రుకవాసి తేడా లేకుండా వేయడం నేర్చుకుంది. టీచరమ్మ మాత్రం మెచ్చుకోవడం లేదు. మాకు చేతిపని కావాలండీ అంటూ పట్టీ మడిచి వెనక్కిచ్చేసింది.

నవ్వు మొహం మీదే ఆరిపోయింది. తోడికోడలే ముందుకు తోసుకొచ్చి, మా అక్క చేతులతో కుట్టిందమ్మా, కావాలంటే ఇక్కడే కుట్టించి చూడండని గట్టిగా పట్టుబట్టింది. టీచరమ్మ గడియారం చూసుకుని, సరే ఒక్కటి కుట్టండంటూ గుడ్డముక్క, సూది, దారం ఇచ్చింది.

ఆ రోజు మొత్తానికి కూర్చోవడం అదే మొదలు. కూర్చున్నాక ఒళ్ళు ఎంత హూనమైందో తెలిసింది. షెడ్డు చివర వెలుతురు తక్కువ, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, సూదిలో దారం మూడోసారికి గాని ఎక్కలేదు. చిల్లు కొంచెం వంకరగా తెగింది. ఒక ముడి బిగిసింది, ఒకటి వదులైంది, ఒకటి పక్కదాని మీదికి ఎక్కింది. పని నేర్చుకునే రోజుల్లో కూడా ఇంత అధ్వాన్నంగా కుట్టలేదు. విప్పేద్దామంటే సమయం లేదు. తలెత్తకుండానే గుడ్డముక్క అందించింది.

టీచరమ్మ వేలితో ఆ ముళ్ళన్నీ తడిమి చూసింది. మొహం విప్పారింది.

"ఇదిగో, దీన్నే అంటాం చేతిపని అని. చూడగానే తెలిసిపోతోంది. సోమవారం నుంచి రాగలరా?"

తోడికోడలు భుజం పట్టుకుని ఊపేసింది. కాజాలక్కకు సంతోషం వేసిన మాట నిజం. గిన్నెల గండం గడిచింది, కూతురికి ఫోన్ చేసి చెప్పాలి. ఆ సంతోషంతో పాటే సిగ్గు కూడా ముంచుకొచ్చింది. టీచరమ్మ అప్పుడే గుడ్డముక్కను అట్టకు అతికించి, కింద రాయడానికి పేరు అడుగుతోంది. స్కూల్లో గోడకు పెడతారట.

"ఇంకొకటి కుట్టి ఇస్తానమ్మా. ఇది బాగాలేదు, చేతులు అలిసిపోయున్నాయి," అంది కాజాలక్క.

"వద్దండీ, ఇదే బావుంది."

"మరి పిల్లలకి కూడా ఇలాగే నేర్పనా?"

"ఇలాగే నేర్పండి," అంది టీచరమ్మ, కలం పట్టుకుని ఎదురుచూస్తూ.

బాగాలేని కాజాను ముప్ఫయ్యేళ్ళలో ఒక్కటి కూడా ఆమె గడప దాటనివ్వలేదు. సరేనమ్మా అని, కాగితాల్లో ఉండిపోయిన తన పేరు అక్షరం అక్షరం పలికి చెప్పింది.