తదితరుల కోసం ప్రార్థన

మా సంఘం ఆరోగ్యం ఎలా ఉందో ఒకసారి కూర్చుని చూసుకుందామని పాస్టరుగారు మొదట అన్నది వానాకాలంలో. మేం కూర్చున్నది చలికాలంలో. మధ్యలో తీరిక దొరకలేదు. అంటే కమిటీ కలవలేదని కాదు. కొత్త స్పీకర్లు ఎటు తిప్పాలన్న విషయం మీద రెండు సాయంత్రాలు కలిశాం. వేదిక వెనక తెర ఊదారంగుదా, తెల్లదా అన్న విషయం మీద మూడు సాయంత్రాలు. రంగు తేలగానే టీ తాగి లేచిపోయాం. "మరి సంఘం సంగతి?" అని పాస్టరుగారు గుర్తు చేసినప్పుడల్లా, "దానికి నిమ్మళంగ ఒక దినం పెట్టుకోవాలె అయ్యగారూ, ఆగమాగం జేస్తే ఎట్ల?" అన్నది ఇంకెవరో కాదు, కార్యదర్శినైన నేనే.

నన్ను కార్యదర్శిని చేసింది నా భక్తిని చూసి కాదు. పత్రికలో చాలా ఏళ్లు పనిచేశాను కనక రాయడం వచ్చని. బోధన్ వైపు చెరకు రైతుల వార్తలు రాసి, తర్వాత నిజామాబాద్‌లో జిల్లా పేజీలు దిద్ది రిటైరయ్యాను. జిల్లా మొత్తం నాడి పట్టి చూసినవాడికి ఒక చిన్న సంఘం ఎంత పని అనుకున్నాను. అందుకే చివరికి రోజు ఖాయం కాగానే, సర్వే నాకు వదిలేయండన్నాను. పదకొండు ప్రశ్నలతో ఒక కాగితం తయారుచేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ పంచాను. మరుసటి ఆదివారం తిరిగి తీసుకున్నాను.

ఆరాధన ఎలా ఉంది? బాగుంది. బోధ అర్థమవుతోందా? అవుతోంది. పెద్దల పనితీరు? బాగుంది. ఏ కాగితం తిప్పినా అదే. ఒక్కదాంట్లో మాత్రం పెద్దల పనితీరు పక్కన "ఏదో నడుస్తోంది" అని ఉంది. అది మా ఇంటావిడ చేతిరాత.

కమిటీలో ఆ కట్ట ముందు పెట్టుకుని నేను కొంచెం గర్వంగానే కూర్చున్నాను. రెంజల్ దిక్కు నుంచి వచ్చిన మా పాస్టరుగారు చిన్న వయసువారు. మాట మెత్తగా ఉంటుంది, దిగేది మాత్రం లోతుగా దిగుతుంది.

"వచ్చేటోళ్లకు బాగనే ఉన్నది సార్. అందుకే వస్తున్నరు. రానోళ్ల కాయితాలు ఏవి?"

అవి లేవు. రానివాళ్లకు గుమ్మం దగ్గర కాగితం ఎలా ఇస్తాం? ఆ మాటే అనబోయి, అది ఎంత తెలివి తక్కువ జవాబో సగంలో తెలిసి ఆగిపోయాను. కమిటీలో ఉన్న రిటైర్డు హెడ్మాస్టరుగారు అందుకున్నారు. "తలుపు కాడ చాప మీద కూసునే బీడీల అవ్వ, దసరా కానుంచి కనవడ్తలేదు. ఏ వాడ కింద వస్తదామె?"

సంఘంలోని ఇళ్లను వాడలవారీగా కమిటీవాళ్లం పంచుకున్నాం, నెలకొకసారి వెళ్లి పలకరించడానికి. ఆ వాడ నాదే. నాలుగేళ్ల నుంచి నాదే. అవ్వ ఇంటి సందు ఎటు తిరుగుతుందో కూడా నేను హెడ్మాస్టరుగారినే అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

వెళ్లేసరికి అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. తలెత్తి చూసింది.

"ఏంది సారూ, తొవ్వ దప్పినవా?"

"లేదవ్వా, నీ కోసమే వచ్చిన. ఈ నడుమ కనవడ్తలేవు."

"కనవడ్తలేనని ఇయ్యాల ఎరుకైందా?"

నేను కాగితం తీశాను. "పదకొండు ప్రశ్నలున్నయి. నువ్వు చెప్పు, నేను రాసుకుంట."

"రాసుడు తర్వాత. ముందుగాల సదువుడు సంగతి జెప్పు. నీకు సీటీలు ఎన్ని ఇచ్చిన?"

"చీటీలా?"

"కిరాణం షాపాయనతోని రాపిచ్చి నాలుగు ఐతారాలు నీ సేతుల వెట్టిన. ఒక్కనాడన్న నా బిడ్డ పేరు తీసినవా?"

ఇక్కడ నా పనితనం గురించి చెప్పాలి. మా ఆరాధనలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి కార్యదర్శికిస్తారు. అతను చదువుతాడు, సంఘం ప్రార్థిస్తుంది. నేను వచ్చేదాకా అన్నీ చదివేవారట. నేను వచ్చాక సమయం కలిసివచ్చింది. పైనున్న నాలుగు చీటీలు చదివి, "తదితరుల కోసం కూడా ప్రార్థిద్దాం" అని కట్ట మడిచేసేవాణ్ని. జిల్లా పేజీలో ఏ సభ వార్తనైనా అలాగే ముగించేవాళ్లం కదా: నలుగురి పేర్లు, ఆ తర్వాత "తదితరులు పాల్గొన్నారు". వేల్పూర్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, పేపర్లో తన పేరు రాలేదని ఏడ్చినంత పని చేస్తే, ఫోన్ పెట్టేసి డెస్కంతా నవ్వుకున్నాం. చర్చిలో పైనుండే నాలుగు చీటీలు ముందు వరసవాళ్లవి. తలుపు దగ్గర నుంచి వచ్చే చీటీ అన్నిటికన్నా అడుగున ఉంటుంది.

"నువ్వు తదితరులు అనంగనే మా పక్కపొంటి కూసున్నామె ఆమెన్ అంటది," అంది అవ్వ. "నేను ఎవల కోసం అనాలె?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అవ్వ చేతులు ఆగలేదు. ఆకు, పొగాకు, దారం. మాట మాత్రం నెమ్మదిగా వచ్చింది. బిడ్డను నవీపేట్ దగ్గరి ఊరికిచ్చింది. గర్భసంచి తీసెయ్యాలన్నారు. పెద్దాసుపత్రిలో నాలుగైదు రోజులు పక్కన ఆడమనిషి ఉండాలి. అల్లుడు దుబాయ్‌లో, బిడ్డ అత్త మంచంలో. అవ్వకు మోకాళ్లు వంగవు, ఒక్కతే రాత్రీ పగలూ చేయలేదు. తోడు లేక ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. మళ్లీ తారీఖు వచ్చే బుధవారం. ఇంకా ఆలస్యమైతే తమ పూచీ లేదన్నారట.

"దేవుని కోసమైతే ఇంట్ల సుత ప్రార్థన జేస్కుంట," అంది. "నలుగుట్ల వడితే ఎవలన్న నేనుంట అంటరేమోనని సీటీ వెట్టిన."

కమిటీ కోసం నివేదిక రాశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అందులో నేను రాసిన వాక్యం ఇది: "సభ్యుల విన్నపాల విషయంలో మరింత శ్రద్ధ అవసరం."

పాస్టరుగారు చదివి, "ఎవల శ్రద్ధ సార్?" అన్నారు.

"కమిటీది."

"కమిటీల ఎవలది?"

హెడ్మాస్టరుగారు ఊదారంగు తెర వంక శ్రద్ధగా చూడసాగారు. నాది అన్నాను. తర్వాత జరిగింది మొత్తం చెప్పాను, ఈసారి ఏదీ కుదించకుండా. ఈ ఆదివారం అన్ని చీటీలూ పూర్తిగా చదవాలని తీర్మానమైంది. సంఘం ఆరోగ్యం గురించి మేం చేసిన తీర్మానం అదొక్కటే. ఆ సంగతి చెప్పడానికి అవ్వ దగ్గరికి పోతే ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వు సదవకు. నేనే జెప్పుకుంట. ఆటో తీస్కరా."

ఆదివారం అవ్వ తలుపు పట్టుకుని నిలబడి, బిడ్డ పెండ్లి దగ్గర మొదలుపెట్టింది. పందిరి, వాన, అల్లుడు దుబాయ్ పోయిన రోజు. నా చెయ్యి జేబులోని కలం మీదికి పోయింది. ఇవన్నీ కొట్టేసి చివరి వాక్యం పైకి తెస్తే సరిపోతుంది కదా అనిపించింది. గడియారం చూసినవాళ్లలో నేనే మొదటివాణ్ని. అవ్వ బుధవారం దాకా వచ్చి, "తోడు ఎవలు లేరు" అని ఆగింది.

ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచింది. అవ్వ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది.

"ఇంత కతైతే నాకు ఒక్క మాట జెప్పవైతివి. నేనుంట తియ్యి."

"నీ బీడీలెవలు జేస్తరే?"

"బీడీలు యాడికి వోతయవ్వా, నాలుగొద్దులు బంద్ వెడ్త."

"నాలుగొద్దులు నువ్వొక్కదానివే ఏంది, రెండొద్దులు నేనుండనా?" అంటూ ఇంకొకామె. అన్నం ఎవరు పంపాలో, ఎవరు పగలో, ఎవరు రాత్రో, ఆరాధన మధ్యలోనే వాదులాడుకుని తేల్చుకున్నారు. బోధ కోసం లేచి నిలబడ్డ పాస్టరుగారు మళ్లీ కూర్చున్నారు. తెర రంగుకు మూడు సాయంత్రాలు తీసుకున్న మేం నోరు తెరిచే అవకాశమే రాలేదు. బయటికొచ్చాక ముందు వరసాయన, "ఒంటిగంట దాటింది సారూ, ఇట్లయితే కష్టం" అన్నాడు. నాకూ ఆకలిగానే ఉంది.

బుధవారం ఆపరేషన్ అయింది, బాగానే జరిగింది. మగవాళ్లలో పని దొరికింది నాకొక్కడికే: మధ్యాహ్నం అన్నం క్యారియర్ మొయ్యడం. వార్డు గుమ్మం దగ్గర సిస్టర్ ఆపింది. ఎవరి తాలూకు అని అడిగింది. లోపలి బల్ల మీద నుంచి అవ్వ అరిచింది.

"మా చర్చిల సీటీలు సదివే సారే. నా బిడ్డ పేరేందో అడుగు, ఎట్ల జెప్తడో సూద్దాం."

నేను పేరు చెప్పాను. ఇంటిపేరు, భర్త పేరు, ఊరు, మండలం కూడా చెప్పాను. అల్లుడు దుబాయ్ పోయిన సంగతి ఎత్తుకుంటుండగా అవ్వే ఆపింది.

"ఇగ సాలు సారూ, అన్నం సల్లారిపోతది."