అక్కకు చెప్పని ముచ్చట

2022, వానకాలం వరికోతలు ముగుస్తున్న రోజులు. బాన్సువాడలో మాది ఇరవై మంచాల చిన్న ప్రైవేటు దవాఖాన. సర్జన్ గారు ఒక్కరే, నర్సులం ఆరుగురం. అందులో నేను సీనియర్‌ని. బీర్కూర్ నుంచి వచ్చినా, డోంగ్లి నుంచి మరాఠీ కలిపి మాట్లాడుతూ వచ్చినా, పేషెంట్లు గేటు దగ్గరే "సుజాతక్క ఉన్నదా?" అని అడిగేవారు. ఆ పిలుపంటే నాకు జీతం కన్నా ఎక్కువ ఇష్టం.

ఆ ఏడే రవీందర్ చేరాడు. మా దవాఖానకు మొదటి మగ నర్సు. మూడు నెలలు తిరక్కముందే గేటు దగ్గర "రవన్న ఉన్నడా?" అని వినబడటం మొదలైంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. దాచడమెందుకు, నాకు కడుపు మండింది. అతను ఒక్క పోటుకే సూది గుచ్చితే, పేషెంటు నరాలు దొడ్డుగా ఉన్నాయి కాబట్టి దొరికిందిలే అనుకునేదాన్ని.

ఒక పొద్దున బీర్కూర్ దగ్గరి తండా నుంచి గోపాల్ వచ్చాడు. ముప్పయ్యేళ్లుంటాయి, చెరకు ట్రాక్టర్ నడుపుతాడు. కాళ్లు ఎడంగా వేస్తూ, భార్య మంజుల భుజం పట్టుకుని నడుస్తున్నాడు. ఒకవైపు వృషణం వాచిందని, ఇంట్లో ఉప్పు మూటతో కాపడం పెట్టినా తగ్గలేదని మంజులే చెప్పింది. పెళ్లయి మూడేళ్లు, ఇంకా పిల్లల్లేరు. నన్ను పక్కకు పిలిచి, "అక్కా, దీనితోని పిల్లలు కాకుండ అయితదా?" అని అడిగింది. ఆమె భయమంతా అదే.

డాక్టరు చూసేలోపు పేషెంటు బాధను అడిగి కేస్ షీట్‌లో రాయడం నా పని. దాన్నే హిస్టరీ అంటాం. మగవాళ్ల దగ్గర నాకొక పద్ధతి ఉండేది. భుజం మీద చెయ్యి వేసి, "నన్ను సొంత అక్క అనుకో తమ్మీ, సిగ్గుపడకు" అనేదాన్ని. గోపాల్‌తోనూ అలాగే అన్నాను.

"ఏమైంది?"

"ట్రాక్టర్ మీదికెళ్లి దుంకితే తాకిందక్కా."

"జరం వచ్చిందా?"

"లే."

"ఒంటికి పోతే మంటైతుందా?"

మూత్రం మాట రాగానే అతను గోడ వైపు చూశాడు. "ఏం లేదక్కా."

అదే రాశాను. సార్ పరీక్ష చేసి డాప్లర్ స్కాన్ చేయించారు. రక్తం సరిగ్గా పారుతోందో లేదో చూసే స్కాన్ అది. వృషణం మెలిక పడితే రక్తం ఆగిపోతుంది, వెంటనే ఆపరేషన్ చేయాలి. అదృష్టం, మెలిక లేదు. వాచింది ఎపిడిడిమిస్, అంటే వృషణం వెనక చుట్టుకుని ఉండే సన్నటి గొట్టం. ఆ వాపును ఎపిడిడిమైటిస్ అంటారు. దెబ్బ తగిలినా రావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ పాకినా రావచ్చు. నేను రాసిన హిస్టరీ చూసి దెబ్బేనని నమ్మి, సార్ నొప్పికి మందు, ఐసు, వాపు బరువు మోసే లంగోటీలాంటి స్క్రోటల్ సపోర్ట్ రాసి, ఒక రోజు దవాఖానలోనే ఉండమన్నారు.

మధ్యాహ్నం సపోర్ట్ కట్టడానికి రవీందర్ వెళ్లాడు. వచ్చి నా టేబుల్ దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, గాయన దుంకలే ఏం లే. వారం సంది ఒంటికి పోతే మంటనట. రాత్రిపూట చలిజరం గూడ వస్తుందట. సార్‌కు చెప్దామా?"

నా ఒళ్లు భగ్గుమంది. పొద్దున అరగంట కూర్చోబెట్టి అడిగితే నాకు చెప్పనిది, పది నిమిషాల్లో వీడికి చెప్పాడా? "నాకు చెప్పనిది నీకెందుకు చెప్తడు? నేను మాట్లాడుతలే, నువ్వు పో" అన్నాను. రవీందర్ వెళ్లిపోయాడు. నేను గోపాల్‌ను మళ్లీ అడగలేదు. సార్‌కు ఫోన్ చేయలేదు. చేస్తే నా హిస్టరీ తప్పని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా.

మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి గోపాల్ దుప్పటి కప్పుకుని గజగజ వణుకుతున్నాడు. జ్వరం నూట మూడు. వాపు రెట్టింపైంది. మంజుల గోడకు ఆనుకుని ఏడుస్తోంది. సార్ వచ్చి తానే అడిగి మంట సంగతి తెలుసుకుని, మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపించి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టించారు. "ఇంకొక రోజు ఆగితే చీము పట్టేది. వృషణమే తీయాల్సి వచ్చేదేమో. మంట ఉన్న సంగతి ఎవరికీ తెలియదా?" అని అడిగారు.

రవీందర్ నేల చూపులు చూస్తున్నాడు. నన్ను కాపాడటానికే నోరు మూసుకున్నాడు. ఆ మంచితనానికి కూడా నాకు కుళ్లు పుట్టింది. అదైనా అతనికి మిగలకూడదనో ఏమో, "నిన్న మధ్యాహ్నమే రవీందర్ నాకు చెప్పిండు సార్. నేనే మీకు చెప్పలే" అన్నాను. సార్ కేస్ షీట్‌లో నేను రాసింది కొట్టేశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మూడో రోజుకు జ్వరం దిగింది. ఇంజెక్షన్ ఇస్తూ గోపాల్‌ను అడిగాను. "నాకెందుకు చెప్పలే తమ్మీ?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వే అంటివి గదా, సొంత అక్క అనుకోమని. అక్క ముంగట గసొంటి ముచ్చట ఎట్ల తీస్తరు? మా తండాల అక్క ముంగట లుంగీ గూడ మోకాళ్ల పైకి కట్టం."

సూది తీసి దూది అదిమి పట్టుకున్నాను. ఇన్నేళ్లుగా నేను తలుపు తెరుస్తున్నానని మురిసిన మాటతోనే ఎందరి నోళ్లు మూయించానో!

నొప్పి పోగానే మాత్రలు ఆపొద్దని, రెండు వారాలూ వేసుకోవాలని, బరువులెత్తొద్దని, కాపడం అసలే వద్దని చెప్పి పంపించాం. మాత్రలు పూర్తిగా వేసుకున్నాడు. వాచినచోట గట్టిదనం పోవడానికి మాత్రం నెల దాటింది. చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, రెండో వైపు బాగుంది, ఇదీ నిలిచింది, పిల్లల కోసం ఫికర్ చేయొద్దని సార్ చెప్పారు. మంజుల కొంగుతో కళ్లు తుడుచుకుంది. గోపాల్ సంచిలో తెచ్చిన మక్కకంకులు రవీందర్ చేతిలో పెట్టి, నాకు దూరం నుంచే దండం పెట్టాడు. అప్పుడు కూడా నా చూపు కంకుల మీదే ఉంది.

పోయిన నెల పెద్ద వయసు రైతొకాయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పంచె సర్దుకుంటూ, "ఏం లే బిడ్డా, జర నడుం నొస్తుంది" అంటూ గోడ వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. లేచి కేస్ షీట్, పెన్ను రవీందర్ చేతిలో పెట్టి బయటికొచ్చాను. లోపల ముసలాయన గొంతు తగ్గించి ఏదో గడగడా చెప్పేస్తున్నాడు. కుళ్లు పోయిందంటే అబద్ధం. తలుపు మాత్రం నేనే దగ్గరికి వేశాను.