మా ప్రశ్నలపుట్ట అడగని ప్రశ్న

మా మేనకోడలిని ఇంట్లో అందరం ప్రశ్నలపుట్ట అంటాం. చిన్నప్పుడు డాక్టరు సూది చేతిలోకి తీసుకుంటే ఏడవలేదు సరికదా, అందులో ఏముందో చెప్పమని ఆయన ప్రాణం తీసింది. అలాంటిది లా చదువుతానంటే మేమెవరమూ ఆశ్చర్యపోలేదు. పాఠాలు చెప్పేవాళ్ల మీద జాలిపడ్డాం, అంతే.

చివరి ఏడాదిలో, కాలేజీవాళ్లు నడిపే ఉచిత న్యాయసహాయ కేంద్రంలో దానికి నిజమైన కేసు దొరికింది. దర్జీ కొట్లో కుట్టుమిషను పోయింది. ముద్దాయి గొడుగులు బాగుచేసే ముసలాయన. నేరం రుజువైతే రెండేళ్లు జైలు. జడ్జి ఒప్పుకుంటే సాక్షిని విద్యార్థులే ప్రశ్నించవచ్చట, పక్కన సీనియర్ లాయరమ్మ ఉంటే చాలట.

ఇక దాని కాలు నిలవలేదు. ముసలాయన దగ్గర కూర్చుని గొడుగు ఊచ ఎలా మారుస్తారో కూడా అడిగి తెలుసుకుంది. దర్జీ కొట్టుకి ఎదురింటి మేడ కిటికీలోంచి, ఆయన మిషను ఎత్తుకెళ్లడం చూశానని ఒకతను పోలీసులకి చెప్పాడు. ఆ కొట్టు గుమ్మంలో నిలబడి కిటికీ వైపు చూడటానికి మా పిల్ల మూడుసార్లు వెళ్లొచ్చింది.

విచారణ రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. దానికంటే నా గుండే ఎక్కువ కొట్టుకుంది.

"కొట్టు ముందు ఎండ పడకుండా రేకు చూరు దించారు కదండీ?" అంది మా పిల్ల.

"అవును," అన్నాడు సాక్షి.

"మీ కిటికీలోంచి చూస్తే, రేకు కింద ఉన్న మనిషి ముఖం కనబడుతుందా?"

సాక్షి నసిగాడు. "ముఖమంటే... కనబడదు. కాళ్లు కనబడతాయి."

అక్కడితో కూర్చోవాలి. కానీ "మరి ఈయనేనని ఎలా చెప్పారు?" అన్నది దాని నాలుక చివర ఆడుతోందని నాకు వెనకనుంచే తెలిసిపోయింది. సాక్షి "నడకను బట్టి" అన్నాడంటే కొంప మునిగినట్టే! పక్కనున్న లాయరమ్మ దాని నల్లకోటు పట్టుకుని లాగింది. మా పిల్ల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ప్రశ్న మింగేసి కూర్చుంది. ప్రాసిక్యూటరూ ఆ ఊసెత్తలేదు.

వారం తర్వాత కేసు కొట్టేశారు. వరండాలో అది ఎగిరి గంతేసింది. ముసలాయన మాత్రం నిలబడి దాన్నే చూస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, సంతోషంగా లేదా?" అని అడిగింది.

"ఉందమ్మా. గొడుగు ఊచల దగ్గర్నుంచి అన్నీ అడిగావు. మిషను నేను తీశానో లేదో మాత్రం ఒక్కసారీ అడగలేదేం?"

దాని ముఖం పాలిపోయింది. "నాకు... తట్టలేదండీ."

"జడ్జిగారు అడిగారులే, కాగితం చూసుకుంటూ. నా మొహం చూసి ఎవరైనా అడుగుతారేమోనని ఏడాదిగా ఎదురుచూశాను. నేను తియ్యలేదమ్మా."