పట్టాభిరామయ్య గారి డి విటమిన్

పట్టాభిరామయ్య గారికి మనిషి నీడలో కనబడితే ఒళ్లు మండిపోతుంది. ఆ మనిషి అరవై దాటినవాడైతే ఇక వదిలే ప్రశ్నే లేదు. చెయ్యి పట్టుకుని ఎండలోకి లాక్కొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, "డి విటమిన్ అండీ, డి విటమిన్" అంటారు.

ఆయనది తణుకు దగ్గర పల్లె. కరెంటాఫీసులో చేసి రిటైరై బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులకీ, నిద్ర పట్టకపోవడానికీ, కోడలితో మాట పట్టింపుకీ ఆయన దగ్గర మందు ఒక్కటే. ఒకసారి కాలనీ సెక్రటరీ ఫణిభూషణ్ నీళ్ల ట్యాంకర్ల గురించి మీటింగు పెడితే, పట్టుబట్టి దాన్ని కూడా ఎండలోకి మార్పించారు. రెండు గంటలు సాగే మీటింగు పది నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు నుంచి ఫణిభూషణ్‌కు ఆయనంటే గౌరవం పెరిగింది.

ఆయన చేతికి చిక్కినవాళ్లందరిలోకీ పాపం కుతుబుద్దీన్‌ది విచిత్రమైన పరిస్థితి. గౌడవెల్లిలో ఎకరంన్నరలో ఆకుకూరలు పండించి, తెల్లారి టీవీఎస్ బండి మీద తెచ్చి కాలనీ గేటు దగ్గర అమ్ముతాడు. వయసు అరవై ఆరు. అందులో అరవయ్యేళ్లు ఎండలోనే గడిచాయి. పదింటికి గంప ఖాళీ చేసి చెట్టు కింద నడుం వాల్చబోతుంటే కుర్చీతో సహా ఈయన ప్రత్యక్షం.

"సార్, పొద్దంత నేను ఎండలనే ఉంట. నాకు మల్ల గీ ఎండ ఎందుకు?" అని మొదటిరోజే అడిగాడు కుతుబుద్దీన్.

"అది పని చేసే ఎండ భాయ్, ఒంటికి పట్టదు. కూర్చున్న ఎండే పడుతుంది."

కుతుబుద్దీన్ గంప సర్దుకుని లేవబోయాడు. పట్టాభిరామయ్య గారి భార్య సీతామహాలక్ష్మి అల్లం టీ పట్టుకొచ్చి, కాసేపు కూర్చోండి భాయ్, మీరు కూర్చోకపోతే ఆ కుర్చీలోకి నన్ను లాగుతారు అని బతిమాలింది. టీ బాగుంది. కుతుబుద్దీన్ కూర్చున్నాడు. అలా ఏడాదిగా కూర్చుంటూనే ఉన్నాడు.

ఆ కూర్చోవడానికీ ఒక పద్ధతి ఉంది. ఎండ వీపుకి తగలాలి, ముఖం గేటు వైపు ఉండాలి. కళ్లజోడున్నవాళ్లు తీయకూడదు. ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను అరచేత్తో మూసుకుని గేటు తాళం వైపు చూడాలి. ఒక్కో కంటికి విడిగా విశ్రాంతి ఇస్తేనే విటమిన్ వంటబడుతుందని పట్టాభిరామయ్య గారి సిద్ధాంతం. అలా చూస్తుండగా, చువ్వలు ఎలా ఉన్నాయండీ అని ఏదో పొద్దుపోని కబురులా అడుగుతారు. రోజూ అదే ప్రశ్న. బాగానే ఉన్నాయని అందరిదీ రోజూ అదే జవాబు. పెద్దాయనకు మతిమరుపు మొదలైందని కుతుబుద్దీన్ మనసులో జాలిపడేవాడు.

మొన్న సోమవారం ఎడమ కన్ను మూసుకుని చూసిన కుతుబుద్దీన్‌కు తల కొట్టేసినట్టయింది. తాళం పక్కన చువ్వలు వంగి ఉన్నాయి. ఆ గేటు చేసింది ఎవరో కాదు, మేడ్చల్‌లో వెల్డింగ్ షాపున్న తన కొడుకు షాహబాజే. తను కూరలమ్ముకునే చోట, నలుగురి ముందూ కొడుకు పని ఇలా తేలిపోయిందే అనిపించింది. అక్కడికక్కడే ఫోన్ చేసి, వంకర గేటు పెట్టి నా ఇజ్జత్ తీసినవని చెడామడా తిట్టి పెట్టేశాడు.

పట్టాభిరామయ్య గారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఏ కంటికి వంకరగా ఉన్నాయి?"

"కుడి కంటికి సార్. నడుమ కొంచెం మబ్బు గూడ ఉంది."

ఆయన ఇక డి విటమిన్ మాటే ఎత్తలేదు. ఆటో పిలిచి, కుతుబుద్దీన్ గంపను సీతామహాలక్ష్మికి అప్పగించి, తిన్నగా కంటి ఆసుపత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా కుతుబుద్దీన్‌కు ఒకటే భయం. కన్ను పోతే బండి నడిపేదెట్లా, తోటకూరలో గడ్డి ఏరేదెట్లా?

డాక్టర్ రోజారాణి కంటి లోపలి ఫొటోలు తీయించి చూసింది. కంటి వెనక పొరలో నీరు చేరిందనీ, వయసు మళ్లినవాళ్లకు వచ్చే జబ్బనీ చెప్పింది. "మంచి టైముకు వచ్చిన్రు. నెలకొకటి చొప్పున ముందు మూడు ఇంజెక్షన్లు చేద్దాం. చూపు నిలబడుతదనే అనుకుంటున్న." మొదటి ఇంజెక్షన్ మర్నాడే చేసింది. కంటికి సూది అంటే బెదిరిపోయిన కుతుబుద్దీన్‌కు చీమ కుట్టినంత నొప్పి కూడా తెలియలేదు. గుండెల మీది బరువంతా దిగిపోయింది.

పక్కనే ఉన్న పట్టాభిరామయ్య గారిని చూపించి, మరి సారు చెప్పే విటమిన్ సంగతేందమ్మా అని అడిగాడు. అది తక్కువున్నవాళ్లలో ఈ జబ్బు కాస్త ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనబడింది గానీ, ఎండలో కూర్చుంటే జబ్బు ఆగుతుందని మాత్రం తేలలేదని డాక్టరమ్మ చెప్పింది. పట్టాభిరామయ్య గారు ఏమాత్రం నొచ్చుకోకుండా తలూపారు. ఇది ఆయనకు ముందే తెలుసని కుతుబుద్దీన్‌కు అప్పుడు తట్టింది.

బయట మెట్ల మీద కూర్చుని అడిగేశాడు. "గా చువ్వలు చూపిచ్చుడు కండ్ల పరీక్షనే గద సార్? సీదా చెప్పొచ్చు గద."

"కళ్ల పరీక్షకి రమ్మంటే ఎవరొస్తారు భాయ్? నాకేం, నా కళ్లు బాగానే ఉన్నాయంటారు. నేనూ అలాగే అన్నాను." ఆయన తన కుడి కన్ను చూపించారు. "నాలుగేళ్ల కింద ఈ కంటికి మా తలుపు వంకరగా కనబడింది. మేస్త్రీని పిలిచి తిట్టి, ద్వారబంధం పీకించి మళ్లీ పెట్టించాను. అయినా వంకరే. మళ్లీ పీకించాను. ఆరు నెలలు ఆ తలుపుతోనే సరిపోయింది. చివరికి డాక్టరు దగ్గరికెళ్తే ఆలస్యమైందన్నారు. నడిమి చూపు తిరిగి రాలేదు."

కుతుబుద్దీన్ ఆయన కంటి వైపు తిరిగి చూశాడు. ఈ మనిషినా తను ఏడాదిగా పిచ్చాయన అనుకున్నది? "గా మేస్త్రీ ఏమన్నడు సార్?" అన్నాడు.

"క్షమించమని ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాను. ఎత్తడం మానేశాడు."

ఆ మాటతో షాహబాజ్ గుర్తొచ్చాడు. పాపం, ఏ తప్పూ లేకుండా తిట్లు తిన్నాడు. కుతుబుద్దీన్ వెంటనే ఫోన్ చేసి, గేటు సీదానే ఉంది బేటా, ఖరాబైంది నా కన్ను అని చెప్పాడు. అవతల కొడుకు ముందు కంగారుపడి, తర్వాత ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాత నసుగుతూ ఏదో చెప్పాడు. వింటున్న కుతుబుద్దీన్ ముఖం మారిపోయింది.

"ఏమంటున్నాడు భాయ్?"

"నిన్న పొద్దుగూకినంక వచ్చిండంట సార్. నేను తిట్టిన బాధల తాళం పక్క చువ్వలు కోసి మల్ల అతికిచ్చిండంట. ఇగ ఇప్పుడు నిజంగనే వంకరైనయంట."

పట్టాభిరామయ్య గారు దిగ్గున లేచారు. టైము చూస్తే పదింపావు. "కొంప మునిగింది భాయ్. కుర్చీలు వేసి అందర్నీ కూర్చోబెట్టమని మా ఆవిడకి చెప్పొచ్చాను." ఆయన ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తుతుండగానే, చువ్వలు వంకరగా కనబడ్డాయని సీతామహాలక్ష్మి పంపిన కాలనీ పెద్దలు పదకొండు మంది రెండాటోల్లో వచ్చి ఆసుపత్రి ముందు దిగారు.