చారల బాతు కాలి కడియం

ఢిల్లీ జియా సరాయ్‌లో పాస్‌పోర్ట్ ఫొటో కావలసిన తెలుగు పిల్లలంతా నవదీప్ స్టూడియోకే వెళ్తారు. అక్కడ కావేరి ఉంటుంది. పరీక్షల బెంగతో పీక్కుపోయిన మొహాలు తెచ్చి స్టూలు మీద కూర్చుంటే, పది నిమిషాల్లో అప్పుడే తలంటి పోసుకొచ్చినట్టు చేసి చేతిలో పెడుతుంది. మొటిమలు పోతాయి. కళ్ల కింద నలుపు పోతుంది. వెనక గోడ మీది చెమ్మ మరకలు పోయి తెల్లటి తెలుపు వస్తుంది. "గడ్డం కొంచెం పైకి", "కళ్లు ఆర్పకండి" అన్న రెండు మాటలకు మించి ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మాట్లాడని సమయమంతా చూస్తూ ఉంటుంది.

చీరాలలో ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో ఆపేసి, తల్లి ఛాయాదేవి వెంట ఢిల్లీ వచ్చింది. తల్లి ఆ సందు చివరి తెలుగు మెస్సులో వంట చేస్తుంది. కావేరికిప్పుడు ఇరవై మూడు.

ఆ మెస్సులో శనివారం పెసరట్టు కోసం ద్వారక నుంచి పనిగట్టుకుని వచ్చే మనిషి బసవపున్నయ్య. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. మూడేళ్లు లండన్‌లో మన హైకమిషన్ ఆఫీసులో పనిచేసి వచ్చాడు. తోటి ఉద్యోగులు శని, ఆదివారాల్లో షాపులు తిరుగుతుంటే, ఈయన కెమెరా మెడకు తగిలించుకుని ఏదో ఒక రైలెక్కి బ్రిటన్ మూలమూలలకూ వెళ్లిపోయేవాడట. ఆ ఫొటోలన్నీ ఒక హార్డ్ డిస్కులో పడి ఉన్నాయి. ఒకరోజు పెసరట్టు తింటూ ఆ మాట అంటే, "మా పిల్ల ప్రింట్లు తీస్తుందండీ" అని ఛాయాదేవి స్టూడియోకు పంపింది.

వేల్స్ పక్క దీవిలో నల్లకోటు తొడుక్కున్నట్టుండే ఎర్రముక్కు పఫిన్ పిట్టలు. స్కాట్లాండ్ కొండల నడుమ సరస్సు మీద పాకుతున్న మబ్బు నీడ. ముక్కుపుటాల్లోంచి ఆవిరి వదులుతున్న కొమ్ముల దుప్పి. కావేరి అలాంటివి చూడ్డం అదే మొదలు. ఉన్న శ్రద్ధంతా పెట్టి, ముందుగా దుప్పి ఫొటో ప్రింటు తీసి ఇచ్చింది.

బసవపున్నయ్య దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇందులో వానేదీ?"

"వానా అండీ?"

"దుప్పి మొహం ముందు సన్నగా గీతలుండాలే."

కావేరి తల దించుకుంది. "మచ్చలనుకుని తీసేశానండీ."

"ఆ వానలో రెండు గంటలు నిలబడి జ్వరం తెచ్చుకున్నానమ్మా. వాన నువ్వు తీసేస్తే నా జ్వరానికి సాక్ష్యం ఎవరు చెప్తారు?" అని ఆయన షాపు అదిరేలా నవ్వాడు.

మర్నాడు వానతో సహా ప్రింటు తీసిచ్చి, కావేరి చిన్నగా అడిగింది. "దానికి చలెయ్యలేదా అంకుల్? అక్కణ్నుంచి ఎందుకు కదల్లేదు?"

ఆయన ప్రింటు మీంచి తలెత్తి ఆమెకేసి చూశాడు. ఆ ఫొటోలు చూసినవాళ్లంతా కెమెరా ఏ కంపెనీదనే అడిగారు గాని, దుప్పి సంగతి ఎవరూ అడగలేదు. తరవాతి శనివారం తన పాత కెమెరా, చేతిపొడుగు లెన్సు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. "అల్మారాలో బూజు పడుతోంది. వాడుతూ ఉండు."

అలా ఆ చలికాలమంతా ఆదివారాలు, స్టూడియో యజమాని నవదీప్‌ని బతిమాలి మధ్యాహ్నం దాకా సెలవు తీసుకుని, ఆయన కారులో నజఫ్‌గఢ్ జీలు అనే సరస్సుకు వెళ్లింది. ద్వారక దాటాక పొలాల మధ్య మైళ్లకొద్దీ పరుచుకున్న నీళ్లు. డిసెంబరులో అక్కడికి హిమాలయాల మీదుగా వేలాది బాతులు వచ్చి దిగుతాయి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల చారలు. వాటి ఇంగ్లీషు పేరు ఆయన చెప్పినా కావేరి మాత్రం చారల బాతులనే అనుకుంది.

జనవరి చివర ఒక ఉదయం పొగమంచు విడుతుండగా ఒక బాతు గట్టుమీదికొచ్చి, రెక్కలు రెండూ విప్పి, అలాగే ఒక్క క్షణం నిలబడింది. కావేరి నొక్కింది. ఆ రాత్రి స్టూడియోలో కంప్యూటరు మీద చూస్తే తన చేతితో తీసిందంటే తనకే నమ్మకం కలగలేదు. కాలికి మాత్రం ఏదో పచ్చటి చెత్త అంటుకుని ఉంది. నాలుగు క్లిక్కులతో తుడిచేసింది. షాపు అలవాటు ప్రకారం అదే పేరుతో సేవ్ చేసి, కెమెరా కార్డు ఖాళీ చేసేసింది.

బసవపున్నయ్య ఆ ఫొటోను ఫోన్లోనే చూసి, మురిసిపోయి, తాను సభ్యుడిగా ఉన్న ఫొటోగ్రఫీ క్లబ్బుకు పంపాడు. ద్వారకలో కమ్యూనిటీ హాల్లో మార్చి రెండో ఆదివారం ప్రదర్శన. ఎంపికైన ముప్ఫైలో కావేరిది ఒకటి. ఛాయాదేవి ఆరోజు మెస్సులో అడగనివాళ్లకు కూడా రెండో గరిటె పాయసం వడ్డించింది. చీరాలలో కాలేజీ హాజరుపట్టీ తరవాత కావేరి పేరు ఇంకెక్కడా రాసి లేదు. ఇప్పుడు గోడ మీద, ఫొటో కింద ఉండబోతోంది.

ఫిబ్రవరి మొదట్లో పెద్ద ప్రింటు తీసుకుని బసవపున్నయ్య ఇంటికి వెళ్లింది. ఆయన భూతద్దంతో రెక్కలన్నీ చూసుకుంటూ వచ్చి, కాళ్ల దగ్గర ఆగాడు.

"ఈ ఎడంకాలు మధ్యలో సన్నబడిందేంటి?"

"అక్కడేదో పచ్చ చెత్త ఉందంకుల్. తీసేశాను."

ఆయన భూతద్దం కింద పెట్టాడు. "చెత్త మీద తెల్లగా అక్షరాలేమైనా ఉన్నాయా?"

కావేరికి గుర్తొచ్చింది. ఉన్నాయి. తెల్లటి గీతలేవో ఉన్నాయి. తను వాటిని కూడా చెత్తే అనుకుంది.

ఆయన లోపలికెళ్లి ఒక ఫైలు తెచ్చాడు. అందులో స్కాట్లాండ్ తీరంలో తీసిన సముద్రపు పక్షి ఫొటో, దాని కాలికి కడియం, పక్కనే ఒక ఉత్తరం. ఆ కడియం మీది నంబరు పక్షుల పరిశోధకులకు రాసి పంపితే రెండు నెలలకు జవాబొచ్చిందట. ఆ పక్షికి పదకొండేళ్లు. నార్వేలో గూటిలో ఉన్నప్పుడు ఎవరో కట్టారు. "పక్షి ఎక్కడ పుట్టిందో, ఎన్ని సముద్రాలు దాటిందో ఆ రెండక్షరాలే చెప్తాయమ్మా. అసలు ఫొటో ఉందా?"

"లేదంకుల్."

ఆయన ఫైలు మూశాడు. తరవాత అన్నాడు. "క్లబ్బు నియమం ఒకటుంది. వెలుగు పెంచొచ్చు, అంచులు కొయ్యొచ్చు. ఉన్నదాన్ని చెరపకూడదు. ఆ ఇంగ్లీషు ఫారం నేనే నింపాను, నీకు చదివి చెప్పలేదు. తప్పులో సగం నాది. నేను వాళ్లకి చెప్పను, నిన్ను చెప్పమనీ అనను. ఫొటో నీది."

తిరుగు మెట్రోలో ప్రింటును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది కావేరి. హౌజ్ ఖాస్ దిగేసరికి తేల్చుకుంది. క్లబ్బు పనులు చూసే ప్రణతికి ఫోన్ చేసి, కడియం తుడిచేసిన సంగతి చెప్పింది. తనంతట తాను కొత్తవాళ్లకి ఫోన్ చెయ్యడం ఢిల్లీ వచ్చాక అదే మొదలు. ప్రణతి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు సగం హిందీలో వస్తుంది.

"అరే యార్, ఎవరికి తెలుస్తుంది? అచ్ఛా, చెప్పేశావు కాబట్టి నేను తీసెయ్యాలి. నీ జాగా ఖాళీగా ఉంచుతాను. ఇంకేదైనా ఇచ్చెయ్, లకుముకి పిట్ట ఫొటో ఉంటే అది ఇవ్వు, ఠీక్ హై?"

"లకుముకి కాదండీ. ఆ బాతునే ఇస్తాను."

"వేల బాతుల్లోనా? పాగల్ హై క్యా, పిచ్చా నీకు?"

"అవునండీ," అంది కావేరి. దేనికి అవునందో తనకే తెలియలేదు.

మిగిలినవి నాలుగు ఆదివారాలు. ఎండలు ముదిరితే బాతులు వెళ్లిపోతాయి. బసవపున్నయ్యకు ఆఫీసులో పార్లమెంటు ప్రశ్నల పని పడి ఆదివారాలు కూడా పోయాయి. కావేరి మొదటి మెట్రో ఎక్కి నజఫ్‌గఢ్‌లో దిగి, షేర్ ఆటోలో జీలు దగ్గరికి చేరేది. గట్టుమీద కూర్చుని ఒక్కొక్క బాతునే చూసేది. రెక్కల వైపు చూడటం మానేసింది. కాళ్లే చూసేది. కాని కాళ్లు నీళ్లల్లో ఉంటాయి. గట్టెక్కినవి పొట్ట ఆనించి కూర్చుంటాయి. మొదటి ఆదివారం అలా గడిచింది. రెండోదీ అలాగే గడిచింది.

"దొరికిందా నీ చుట్టం?" అని నవదీప్ ప్రతి సోమవారం హిందీలో ఎగతాళి చేసేవాడు. "నేను ఆ కాలికి పచ్చ కడియం మళ్లీ తగిలిస్తాను, ఐదు నిమిషాల పని. అక్షరాలు కూడా నీ ఇష్టమొచ్చినవి పెడతాను."

"మీ చెయ్యి నాకంటే బాగుంటుంది భయ్యా, తెలుసు," అంది కావేరి. "అందుకే వద్దు."

మూడో ఆదివారం ఒక సంగతి కనిపెట్టింది. పొద్దెక్కుతుంటే బాతులు గుంపులుగా లేచి, ఆలస్యంగా విత్తిన గోధుమ పొలాల్లోకి వెళ్తున్నాయి. పచ్చటి మొలకలు మేస్తున్నాయి. అక్కడైతే నిలబడతాయి, నడుస్తాయి, కాళ్లు కనిపిస్తాయి. కాని అటు కాస్త దూరం నడిచేసరికి ఒక ముసలి రైతు రేకు డబ్బా దడదడ వాయించాడు. గుంపంతా లేచిపోయింది. పొలం ఆయనది, గింజ ఆయనది.

ఆ వారమంతా కావేరి ఆ రైతుతో అనవలసిన మాటలు హిందీలో కూర్చుకుంది. ప్రింటు యంత్రం దగ్గర గొణుక్కుంటుంటే నవదీప్ మంత్రమా అని అడిగాడు. నాలుగో ఆదివారం ఎండెక్కకముందే పొలానికి చేరేసరికి, కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది.

"కే దేఖే సై ఛోరీ?" ఏం చూస్తున్నావు పిల్లా, అని రైతే అడిగాడు. పేరు అర్జున్ యాదవ్ అని తరవాత తెలిసింది.

"తావూజీ," పెదనాన్నా, అని ఆగిపోయింది. తర్వాత ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఒక బాతు కాలికి కడియం ఉంది. నేను ఫొటోలో దాన్ని తుడిచేశాను. అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే కడియం అది. తప్పు నాది. ఇవాళ ఒక్క గంట డబ్బా కొట్టకండి. తరవాత నేనే కొట్టి లేపేస్తాను."

ఆయన ఆమెను, కెమెరాను, బురద పట్టిన చెప్పులను చూశాడు. "నా గోధుమలు తినేది అవి, ఫొటో తీసేది నువ్వు, మధ్యలో నాకేం వస్తుంది?" అని గొణిగి, మోటారు గది వెనక గోనెపట్టా పరిచాడు. "గంటే. బీడీ రెండు కాలిస్తే గంట."

బాతులు వచ్చాయి. ఆరు, ముప్ఫై, వంద. కావేరి ఒక్కొక్క కాలినే చూసుకుంటూ పోయింది. నారింజ రంగు, నారింజ రంగు, బురద, నారింజ రంగు. ఒక బీడీ అయిపోయింది. రెండోది వెలిగించిన వాసన వచ్చింది. అప్పుడు గుంపు కుడి అంచున, రెక్క ఈకలు ఊడి కాస్త చింపిరిగా ఉన్న బాతొకటి మొలకల్లోంచి కాలెత్తి పెట్టింది. పచ్చగా మెరిసింది. మళ్లీ దిగింది. కావేరి ఊపిరి బిగబట్టింది. కాలు మళ్లీ లేచినప్పుడు నొక్కింది, నొక్కుతూనే ఉంది. సి, సున్నా, నాలుగు. పైకే చదివింది.

రెండో బీడీ ఆరింది. మాటిచ్చింది కనక తనే డబ్బా అందుకుని వాయించింది. గుంపంతా లేచి తలల మీదుగా వెళ్తుంటే పక్కన తావూజీ మరింత గట్టిగా కొట్టమని అరుస్తున్నాడు.

ఫొటో అంత బాగా రాలేదు. బాతు మెడకు అడ్డంగా గోధుమ ఆకొకటి ఉంది. రెక్కలు మూసుకునే ఉన్నాయి. వెనక మోటారు గది నీలం తలుపు అంచు కనిపిస్తోంది. "ఆ ఆకొక్కటి తీసెయ్‌రాదా?" అని నవదీప్ వెనకనుంచి వంగి అడిగాడు. కావేరి కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చుంది, ప్రింటు పూర్తిగా బయటికి వచ్చేవరకు.

ప్రదర్శనలో చాలామంది ఆ ఫొటో ముందు ఆగలేదు. ఆగినవాళ్లకు కింద చీటీ కనిపించింది. "కావేరి, జియా సరాయ్. చారల బాతు, పచ్చ కడియం సి04. అర్జున్ యాదవ్ గారి గోధుమ చేలో." బసవపున్నయ్య మాత్రం భూతద్దం తెచ్చుకుని కాలి దగ్గర అరగంట నిలబడ్డాడు. ఆ రోజే ఇద్దరూ కలిసి ఆ నంబరు పంపారు. జవాబు ఇంకా రాలేదు.

సోమవారం ఒక కుర్రాడు ఏదో పరీక్ష ఫారం కోసం ఫొటో దిగి, "అక్కా, ఈ చెంప మీది పుట్టుమచ్చ తీసెయ్" అన్నాడు.

"ఫారంలో గుర్తింపు చిహ్నం దగ్గర ఏం రాశావు?"

"కుడి చెంప మీద పుట్టుమచ్చ."

"మరి?" అంది కావేరి. "గడ్డం కొంచెం పైకి."